పని చోటే ప్రయోగశాల: దూరవిద్యలో వృత్తి భద్రత చదువు

శ్రీసిటీ పారిశ్రామిక వాడలో రెండో షిఫ్టు దిగి సత్యవేడు బస్సెక్కే ఒక సూపర్‌వైజర్‌కు సేఫ్టీలో పీజీ చేయాలని ఉందనుకుందాం. ఆయన ముందున్న దారులు రెండే. ఉద్యోగం మాని చెన్నైలోనో తిరుచ్చిలోనో ఏడాదో రెండేళ్ళో చదవాలి, లేదంటే ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో చేరాలి. మొదటి దారిలో జీతం ఆగిపోతుంది. రెండో దారిలో జీతం వస్తుంది గానీ, ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదివినవాడు ఫ్యాక్టరీలో మనుషుల ప్రాణాలేం కాపాడతాడన్న అనుమానం వెంటపడుతుంది.

ఆ అనుమానంలో సగం న్యాయం ఉంది. గ్యాస్ డిటెక్టర్ చేత్తో పట్టుకోనివాడు ట్యాంకులోకి మనిషిని దింపే అనుమతి పత్రం మీద సంతకం పెట్టకూడదు. మిగతా సగం మాత్రం పొరపాటు. ఈ చదువుకు దగ్గరగా ఉండాల్సింది విశ్వవిద్యాలయం కాదు, పని చోటు. ఏసీ తరగతి గదిలో రెండేళ్ళు కూర్చున్న విద్యార్థి కంటే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రోజూ ఎనిమిది గంటలు నిలబడే విద్యార్థే ఈ శాస్త్రానికి దగ్గర. అయితే ఆ దగ్గరితనాన్ని చదువుగా మార్చే కోర్సు దొరకాలి. ఇప్పుడున్న కోర్సులు ఆ పని ఎంతవరకు చేస్తున్నాయి, తిరుపతి, చిత్తూరు జిల్లాలకు ఎలాంటి కోర్సు కావాలి అన్నదే ఈ సమీక్ష.

ఎవరి ఒంటి మీద ఏ భారం

ఈ రెండు జిల్లాల్లో ఉన్నన్ని రకాల పనులు ఒకేచోట కనబడటం అరుదు. 2008లో మొదలైన శ్రీసిటీలో సెల్‌ఫోన్లు, ఏసీలు, చాక్లెట్లు, మెట్రో రైలు పెట్టెలు తయారవుతున్నాయి. సెల్‌ఫోన్ లైన్లలో ఎక్కువ మంది చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే ఆడపిల్లలు. వాళ్ళ పనిలో బరువు ఉండదు, తిరిగి తిరిగి చేసే ఒకే కదలిక ఉంటుంది. అదే స్క్రూ, అదే మణికట్టు మలుపు, షిఫ్టు పొడుగునా. రేణిగుంట ఎలక్ట్రానిక్స్ యూనిట్లలోనూ ఇంతే. కరకంబాడిలో బ్యాటరీలు, రాచగున్నేరిలో ఇనుప పైపులు. అక్కడ సీసం, వేడి, ధూళి.

పాత వృత్తుల లెక్క వేరు. నగరి, పుత్తూరు మరమగ్గాల షెడ్లలో పక్కవాడితో మాట్లాడాలన్నా చెవి దగ్గర అరవాలి. చిత్తూరు, కుప్పం గ్రానైట్ యూనిట్లలో రాయి కోసేటప్పుడు నీళ్ళు చాలకపోతే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్ నయం కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డ మీదికి మెడ వంచి గంటల తరబడి కలం పట్టుకుంటారు. తిరుమల కళ్యాణకట్టలో రాత్రింబవళ్ళు షిఫ్టులు నడుస్తాయి. క్షురకుడి మెడ వంగే ఉంటుంది, కుడి మణికట్టు తిరుగుతూనే ఉంటుంది. లడ్డూ పోటులో బూంది పొయ్యిల వేడి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపే డ్రైవర్లకు మలుపు మలుపుకూ స్టీరింగు భారం, ఒళ్ళంతా కంపనం. భక్తులు వీళ్ళందరినీ రోజూ చూస్తారు. వాళ్ళ నడుము గురించి, మెడ గురించి రాసిన పరిశోధన పత్రం మాత్రం తిరుపతిలో ఎవరి చేతిలోనూ కనబడదు.

ఈ పనుల్లోని అపాయం రెండు రకాలుగా బయటపడుతుంది. ఒకటి క్షణంలో. 2018 ఫిబ్రవరిలో పలమనేరు మండలం మొరం దగ్గర ఒక హేచరీలో ట్యాంకు శుభ్రం చేసే పనిలో విషవాయువు పీల్చి ఏడుగురు చనిపోయారు. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలంలోని ఒక పాల డెయిరీలో అమ్మోనియా లీకై పలువురు మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. అదే ఏడాది మే 7న విశాఖలో స్టైరీన్ లీకైనప్పుడు దేశమంతా చూసింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా ఫ్యాక్టరీ పేలుళ్ళలో పోయారు.

రెండోది నెమ్మదిగా వస్తుంది, పేపర్లో పడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో పని కారణంగా ఏటా 29.3 లక్షల మంది చనిపోతున్నారు. అందులో ప్రమాదాల వాటా 3.3 లక్షలు. మిగతా 26 లక్షలు జబ్బులవే. అంటే ప్రమాదంలో పోయే ఒక్కొక్కరికి, పని తెచ్చిన జబ్బుతో దాదాపు ఎనిమిది మంది పోతున్నారు. నడుము నొప్పి, భుజం పట్టేయడం, వేళ్ళ తిమ్మిరి ప్రాణం తీయవు కాబట్టి ఈ లెక్కలోకి రానే రావు. అవి తీసేది పని చేసే సత్తాను. ముప్ఫై ఐదేళ్ళకే లైను పని చేయలేక ఇంటికి చేరిన మనిషి ఏ రిజిస్టర్లోనూ ప్రమాదంగా నమోదు కాదు.

అందుకే ఈ చదువును ‘సేఫ్టీ’ అని ఒక్క మాటలో ముగించడం కుదరదు. ప్రమాదాన్ని ఆపే భద్రత, జబ్బును ఆపే వృత్తి ఆరోగ్యం, పనిని మనిషి కొలతకు తెచ్చే ఎర్గోనామిక్స్ అనే మూడు శాఖలూ ఇందులో ఉన్నాయి. మన దగ్గర దొరికే కోర్సుల్లో మొదటిదానికి పెద్దపీట, రెండోదానికి ఒక అధ్యాయం, మూడోదానికి నాలుగు పేజీలు.

చట్టం అడిగేది ఏమిటి

1948 ఫ్యాక్టరీల చట్టంలోని 40బి సెక్షన్ ప్రకారం వెయ్యి మంది, అంతకు పైబడి పనిచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సి ఉండేది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ప్రమాదకర ప్రక్రియల మీద ఒక ప్రత్యేక అధ్యాయం చేరింది. ఇప్పుడు ఆ స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 వచ్చింది. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 500 మంది ఉన్న ఫ్యాక్టరీలోనే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. ప్రమాదకర ప్రక్రియ నడిచే చోటా, భవన నిర్మాణంలోనూ 250 మంది ఉంటే చాలు. గనుల్లో 100 మందికే. ఇన్నాళ్ళూ గ్రానైట్ క్వారీకి గనుల చట్టం, రాయి కోసే యూనిట్‌కు ఫ్యాక్టరీల చట్టం. ఇప్పుడు రెండూ ఒకే కోడ్ కిందికి వచ్చాయి.

పరిమితి వెయ్యి నుంచి 500కు దిగిందంటే సేఫ్టీ ఆఫీసర్ల అవసరం పెరిగినట్టే. ఈ చదువుకు గిరాకీ వస్తున్నది ప్రధానంగా ఇక్కడి నుంచే. గిరాకీ వచ్చిన చోట సర్టిఫికెట్ల దుకాణాలూ వెలుస్తాయి.

అర్హత విషయంలో కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు చాలాకాలంగా ఒకే దారిలో ఉన్నాయి. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే రెండేళ్ళ అనుభవం, భౌతిక లేదా రసాయన శాస్త్రంలో డిగ్రీ ఉంటే ఐదేళ్ళ అనుభవం, దాంతోపాటు రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిప్లొమా లేదా డిగ్రీ. ఆ నియమాల్లోనే మరో షరతు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ ప్రాంతంలో ఎక్కువ మంది కార్మికులు మాట్లాడే భాష సేఫ్టీ ఆఫీసర్‌కు తగినంతగా రావాలి. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సింది ‘రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన’ అన్న మాట. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) గుర్తింపు వేరు, ఫ్యాక్టరీల శాఖ సేఫ్టీ ఆఫీసర్ పదవికి ఒప్పుకునే గుర్తింపు వేరు. మంచి విశ్వవిద్యాలయం ఇచ్చిన పీజీ పట్టా కూడా రెండో పరీక్షలో నెగ్గకపోవచ్చు. చేరక ముందే ఫ్యాక్టరీల శాఖ కార్యాలయంలో ఒక అర్జీ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మేలు. కోర్సు అమ్మేవాడి నోటి మాట అక్కడ పనికిరాదు.

ఉన్న దారులు

మనకు అందరికంటే దగ్గరగా ఉన్న పెద్ద సంస్థ చెన్నైలోని ప్రాంతీయ కార్మిక సంస్థ. కేంద్ర కార్మిక శాఖ కింద ముంబైలో కేంద్ర కార్మిక సంస్థ, చెన్నై, కాన్పూర్, కోల్‌కతా, ఫరీదాబాద్‌లలో ప్రాంతీయ సంస్థలు ఉన్నాయి. ఇవి నడిపే పారిశ్రామిక భద్రత అడ్వాన్స్‌డ్ డిప్లొమాకు ఫ్యాక్టరీల్లో ఎక్కడా ఎదురు లేదు. డాక్టర్లకు మూడు నెలల పారిశ్రామిక ఆరోగ్య కోర్సు కూడా ఇక్కడే. కానీ రెండింటికీ అక్కడే ఉండి చదవాలి. తిరుచ్చి ఎన్ఐటీలో పారిశ్రామిక భద్రతలో ఎంటెక్ ఉంది, అదీ పూర్తికాలపు చదువే.

దూరవిద్యలో ఎంటెక్ చేద్దామంటే ఆ తలుపు మూసి ఉంది. సాంకేతిక డిగ్రీలను కరస్పాండెన్స్‌లో ఇవ్వడం చెల్లదని 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. యూజీసీ 2020 నిబంధనలు ఇంజనీరింగ్, వైద్యం, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, నర్సింగ్ వంటివాటిని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నిషేధించాయి. 2025లో ఆరోగ్య అనుబంధ కోర్సుల మీద ఆంక్షలు ఇంకా బిగిశాయి. ఈ సబ్జెక్టు ఇంజనీరింగ్‌కూ వైద్యానికీ మధ్య ఉండటంతో రెండు వైపులా గోడలే. పీజీ డిప్లొమా, ఎమ్మెస్సీ, మేనేజ్‌మెంట్ కోవలో ఇచ్చే కోర్సులకే చోటు మిగిలింది.

ఆ చోటులో నమ్మదగ్గది ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం నడిపే పర్యావరణ, వృత్తి ఆరోగ్య పీజీ డిప్లొమా. పేరుకు తగ్గట్టే ఆరోగ్యం వైపు మొగ్గు ఎక్కువ. విషపదార్థాలు, కాలుష్యం, జబ్బుల లెక్కలు ఒక క్రమంలో నేర్చుకోవాలనుకునే హెచ్ఆర్ ఉద్యోగికీ, పర్యావరణ విభాగంలో పనిచేసే కెమిస్ట్రీ పట్టభద్రుడికీ బాగా పనికొస్తుంది. సేఫ్టీ ఆఫీసర్ కుర్చీ కోసమే చేరేవాళ్ళు మాత్రం పైన చెప్పిన గుర్తింపు సంగతి ముందే తేల్చుకోవాలి.

గల్ఫ్‌కు పోయేవాళ్ళ దారి మరొకటి. 1979లో బ్రిటన్‌లో ఏర్పడిన నెబోష్ ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్‌కు కువైట్, ఖతార్, దుబాయ్ కాంట్రాక్టర్ల దగ్గర మంచి విలువ ఉంది. దీన్ని ఆన్‌లైన్‌లో చదివి రాయొచ్చు. మన భద్రతా చట్టానికి దీనితో సంబంధం లేదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి శ్రీసిటీలో ఉద్యోగం వెతికేవాళ్ళకు ఈ తేడా ఆలస్యంగా తెలుస్తుంది. ఎర్గోనామిక్స్‌లోనే పీజీ కావాలంటే ఇంగ్లండ్‌లోని డెర్బీ విశ్వవిద్యాలయం లాంటివి దూరం నుంచే బోధిస్తున్నాయి. సిలబస్ గట్టిది, ఫీజు మాత్రం పౌండ్లలో కట్టాలి.

డబ్బు లేకుండా చదవాలంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్ ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పారిశ్రామిక భద్రత పాఠాలు, ఐఐటీ గువాహటి ఎర్గోనామిక్స్ పాఠాలు ఎవరైనా వినొచ్చు. పరీక్ష రాస్తే సర్టిఫికెట్ వస్తుంది. అది పీజీ కాదు. అయినా పీజీ పేరుతో అమ్ముడయ్యే కొన్ని కోర్సుల కంటే అందులోనే సరుకు ఎక్కువ.

చివరిది ప్రైవేటు సంస్థల దారి. రెండు నెలల్లో పీజీ డిప్లొమా, పరీక్ష ఇంటి నుంచే, ఉద్యోగం గ్యారంటీ అని బోర్డు కనబడితే జాగ్రత్త పడాలి. దూరవిద్య కోర్సులో చేరే ప్రతి విద్యార్థీ 2024 నుంచి యూజీసీ దూరవిద్య బ్యూరో పోర్టల్‌లో డెబ్ ఐడీ తీసుకోవాలి. ఆ ఐడీ అడగని సంస్థ ఇచ్చేది విశ్వవిద్యాలయ పట్టా కాదని తేలిగ్గా తేల్చుకోవచ్చు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ పరిధి దాటి నడపకూడదు, అధ్యయన కేంద్రాలను ఫ్రాంచైజీకి ఇవ్వకూడదు. పక్క రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరుతో తిరుపతిలో కేంద్రం నడుపుతున్నామని ఎవరైనా అంటే ఈ రెండు నియమాలూ గుర్తు చేయాలి.

దూరం నుంచి వచ్చేవి

చట్టం, విషశాస్త్రం, గణాంకాలు, ప్రమాద విశ్లేషణ పుస్తకంలోంచి వస్తాయి. వాటికి గురువు ఎదురుగా ఉండనక్కర్లేదు. ఎర్గోనామిక్స్‌లో సగం కొలతలే, వాటికి టేపు, సెల్‌ఫోన్ చాలు.

ఉదాహరణకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయల క్రేట్ ఎత్తడం తీసుకుందాం. అమెరికా సంస్థ నయోష్ 1991లో సవరించిన బరువు సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. అక్కడి నుంచి ఒక్కో ఇబ్బందికీ ఆ సంఖ్య తగ్గుతూ వస్తుంది. క్రేట్ ఒంటికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 14.4 కిలోలకు దిగుతుంది. పట్టుకునే చోటు నేల నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 12.2. అక్కడి నుంచి మీటరు ఎత్తుకు లేపాలంటే 10.8. నిమిషానికి నాలుగుసార్ల చొప్పున షిఫ్టంతా ఎత్తాలంటే 4.8 కిలోలు. ఇప్పుడు క్రేట్ బరువు 20 కిలోలు అనుకుంటే, ఆ మనిషి ఎత్తదగ్గదానికి నాలుగు రెట్లు ఎత్తుతున్నట్టు లెక్క.

ఈ లెక్కలో పాఠం చివరి సంఖ్య కాదు, మధ్యలోని మెట్లు. క్రేట్ కింద అరమీటరు ఎత్తు బల్ల పెడితే రెండు మెట్లు తగ్గుతాయి. పనిని ఇద్దరి మధ్య మార్చి మార్చి చేయిస్తే పెద్ద మెట్టు తగ్గుతుంది. ‘బరువు జాగ్రత్తగా ఎత్తండి’ అని గోడ మీద రాసిన బోర్డు ఏ మెట్టునూ తగ్గించదు. ఫ్యాక్టరీలో పనిచేసే విద్యార్థి ఈ లెక్కను సోమవారం చదివి మంగళవారం కొలవగలడు. హాస్టల్లో ఉన్న విద్యార్థికి ఆ అవకాశం పారిశ్రామిక పర్యటన పేరుతో ఏడాదికోసారి వస్తుంది.

భంగిమల లెక్కా ఇంతే. 1993లో నాటింగ్‌హామ్ పరిశోధకులు మెకాటామ్నీ, కార్లెట్ ప్రకటించిన రూలా పద్ధతిలో భుజం, మోచేయి, మణికట్టు, మెడ, నడుము కోణాలు చూసి 1 నుంచి 7 దాకా మార్కు వేస్తారు. 7 వస్తే పనిని వెంటనే మార్చాలి. ఒక పక్క నుంచి తీసిన సెల్‌ఫోన్ వీడియో, ఒక కాగితం ఉంటే కలంకారీ కళాకారుడి మెడకైనా, సెల్‌ఫోన్ లైనులోని అమ్మాయి మణికట్టుకైనా మార్కు వేయొచ్చు.

ఒక ప్రమాణాన్ని మరొకదానితో పోల్చి అడగడం కూడా దూరం నుంచే నేర్చుకోవచ్చు. మరమగ్గాల షెడ్డులో శబ్దం 95 డెసిబెల్స్ ఉందనుకుందాం. మన నమూనా నియమాల ప్రకారం అక్కడ నాలుగు గంటలు ఉండొచ్చు. నయోష్ సిఫార్సు ప్రకారం ముప్పావు గంటకు మించి ఉండకూడదు. ఒకే చెవికి ఇంత తేడా ఎందుకు వచ్చిందో, దాని వెనుక ఏ శాస్త్రం, ఏ బేరం ఉన్నాయో వెతకడమే పీజీ స్థాయి చదువు. సర్టిఫికెట్ కోర్సులో ఒక సంఖ్యను బట్టీ పట్టిస్తారు. పీజీ విద్యార్థి రెండు సంఖ్యలను ఎదురెదురు పెట్టి ప్రశ్నించాలి.

సీసం విషయంలోనూ అంతే. కరకంబాడి, నూనెగుండ్లపల్లి బ్యాటరీ ప్లాంట్ల మూసివేతకు 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి ఉత్తర్వులిచ్చింది. హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది. కార్మికుల రక్తంలో సీసం కూడా ఆ వివాదంలో చర్చకు వచ్చింది. తప్పొప్పులు తేల్చేది న్యాయస్థానం. కానీ డెసిలీటరు రక్తంలో ఇన్ని మైక్రోగ్రాములు అన్న రిపోర్టు చేతికొస్తే దాన్ని చదవగలిగినవాళ్ళు జిల్లాలో ఉండాలి కదా. అమెరికా చట్టం సగటున 50 దగ్గర కార్మికుణ్ణి ఆ పని నుంచి తప్పించమంటుంది. అదే దేశంలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 20 దాటకూడదంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న మనిషికి ఏం చెప్పాలో తెలియాలంటే చదువు కావాలి.

దూరం నుంచి రానివి

కొన్ని నైపుణ్యాలు మాత్రం ఎన్ని వీడియోలు చూసినా చేతికి రావు. గాలిలోని ధూళిని లాగే పంపును క్రమాంకనం చేయడం, ఫిల్టర్‌ను పాడుచేయకుండా ల్యాబుకు పంపడం, గ్యాస్ డిటెక్టర్ పనిచేస్తోందో లేదో మనిషిని దింపే ముందు పరీక్షించడం, ఊపిరి పరీక్షలో కార్మికుడి చేత సరిగా ఊదించడం, ట్యాంకులో పడిపోయిన మనిషిని తాను దిగకుండా పైకి లాగడం. మురుగు ట్యాంకుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగేకొద్దీ ముక్కు మొద్దుబారుతుంది. 100 పీపీఎం దాటేసరికి వాసనే తెలియదు. అందుకే వాసన పోయింది గదా అని దిగినవాడూ, వాణ్ణి కాపాడబోయినవాడూ ఒకరి వెనుక ఒకరు పోతారు. దీన్ని పుస్తకంలో చదివితే తెలుస్తుంది. తోటివాడు కళ్ళెదుట పడిపోయినప్పుడు దూకకుండా ఆగే చేవ మాత్రం కసరత్తుతోనే వస్తుంది.

కాబట్టి ఏ దూరవిద్య కోర్సుకైనా పరికరాలతో, రక్షణ కసరత్తులతో కనీసం కొన్ని వారాల ప్రత్యక్ష శిబిరం ఉండాలి. శిబిరం లేని కోర్సు వృత్తి భద్రత గురించి చెప్పగలదు గానీ వృత్తి భద్రత నేర్పలేదు.

మరో చిక్కు ఉంది, దాన్ని ఏ ప్రాస్పెక్టసూ ప్రస్తావించదు. దూరవిద్య విద్యార్థికి పని చోటే ప్రయోగశాల అన్నాం. ఆ ప్రయోగశాల యజమాని ఎవరు? ఆయనకు జీతమిచ్చే కంపెనీ. తన లైనులో సగం మందికి మణికట్టు నొప్పి ఉందని ప్రాజెక్టులో రాస్తే మేనేజరు ఏమంటాడు? శబ్దం కొలిచిన కాగితం బయటికి పోతే? ప్రశ్నపత్రం పట్టుకుని సూపర్‌వైజరే వచ్చి నొప్పి ఉందా అని అడిగితే కాంట్రాక్టు కార్మికురాలు నిజం చెబుతుందా? చెబితే రేపటి నుంచి రావద్దంటారేమోనన్న భయం ఆమెకు ఉంటుంది. పూర్తికాలపు విద్యార్థికి ఈ ఇరకాటం లేదు, అతను బయటివాడు. లోపలివాడి బలం అతని ప్రవేశం, అతని బలహీనతా అదే.

దీన్ని విద్యార్థి మీదికి తోసేయడం కోర్సు చేసే తప్పు. విశ్వవిద్యాలయమే కంపెనీకి లేఖ రాయాలి. కార్మికుల పేర్లు రాయకూడదని, అంగీకారం లేకుండా వీడియో తీయకూడదని, ఫలితాలు ముందు భద్రతా కమిటీకి చూపాలని నైతిక సంఘం షరతులు పెట్టాలి. విద్యార్థులు ఒకరి ఫ్యాక్టరీలో ఒకరు సర్వే చేసేలా జతలు కట్టినా సగం సమస్య తీరుతుంది. గ్రానైట్ యూనిట్ విద్యార్థి డెయిరీకి పోయి అడిగితే కార్మికులు నోరు విప్పుతారు.

ఇంకో లోటు కోర్సులది కాదు, చట్టానిది. సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సింది పెద్ద ఫ్యాక్టరీలో. మరమగ్గాల షెడ్డు, సీజన్‌కు తెరిచి మూసే గుజ్జు యూనిట్, పదిమందితో నడిచే రాళ్ళ పాలిష్ యూనిట్ ఆ గీత కింద ఉండిపోతాయి. చదివినవాళ్ళు గీత పైన ఉద్యోగం వెతుకుతారు, దెబ్బలు గీత కింద ఎక్కువ. ఈ ఖాళీని కోర్సు ఒక్కటే పూడ్చలేదు. అయినా ప్రతి విద్యార్థి ప్రాజెక్టులో సగం చిన్న యూనిట్‌లోనే చేయాలన్న నియమం పెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఏ భాషలో, ఎవరి కొలతలతో

భాష షరతు దగ్గరికి వద్దాం. సేఫ్టీ ఆఫీసర్‌కు కార్మికుల భాష రావాలని నియమం అంటుంది. ఆయన చదివే పాఠాలు, రాసే పరీక్ష, నింపే ఫారాలు అన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఇంగ్లిష్‌లో చదివిన అపాయాన్ని తెలుగులో చెప్పడం తనంత తానుగా వచ్చే విద్య కాదు, అదీ నేర్పాలి. నగరి, సత్యవేడు వైపు పనివాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తమిళం. నిర్మాణ పనుల్లో ఒడియా, హిందీ వినబడతాయి. ట్యాంకు మూత మీద హెచ్చరిక ఏ భాషలో రాయాలి, చదువురాని మనిషికి బొమ్మతో ఎలా చెప్పాలి, ఆ మనిషికి నిజంగా అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నవి పీజీ ప్రశ్నపత్రంలో ఉండదగ్గ ప్రశ్నలే.

తెలుగులో ఈ స్థాయి పాఠాలు రాయలేమన్న సాకు చెల్లదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో పుట్టింది. తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టుకున్న ఆ సంస్థ డిగ్రీ సైన్సు పాఠాలను కూడా తెలుగులో ఇచ్చింది. ఆ అనుభవం ఉన్న భాషకు సిలికోసిస్ గురించి, బరువు సూత్రం గురించి రాసుకోవడం కష్టం కాదు.

కొలతలదీ ఇదే కథ. నిలబడి చేసే తేలిక పనికి బల్ల మోచేతి కంటే కొంచెం కింద, సన్నని పనికి కొంచెం పైన ఉండాలన్నది పాఠం. ఎవరి మోచేయి? జపాన్‌లోనో కొరియాలోనో జర్మనీలోనో గీసిన యంత్రం ముందు సగటున 152 సెంటీమీటర్ల పొడుగుండే మన ఆడపిల్ల నిలబడుతుంది. భారతీయుల శరీర కొలతలను దేబ్‌కుమార్ చక్రవర్తి సేకరించి కూర్చిన గ్రంథాన్ని అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థ 1997లో ప్రచురించింది. మొత్తం దేశానికి అది మంచి పునాది. దాని పక్కన శ్రీసిటీ, రేణిగుంట లైన్లలోని అమ్మాయిల కొలతలు కూడా చేరితే యంత్రం కొనేటప్పుడే కంపెనీతో మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. ఏటా యాభై మంది దూరవిద్య విద్యార్థులు తలా ముప్ఫై మందిని కొలిచినా ఏడాదికి పదిహేను వందల మంది కొలతలు వస్తాయి. ఏ ఒక్క పూర్తికాలపు పరిశోధకుడూ ఒంటరిగా చేయలేని పని ఇది.

తిరుపతి చేయగలిగింది

కావాల్సినవన్నీ ఒకే ఊళ్ళో ఉన్నాయి, కలిపే చెయ్యి లేదు. 1954లో పుట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి దూరవిద్య నడిపిన అనుభవం ఉంది. 1983 నుంచి నడుస్తున్న పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఎలక్ట్రానిక్స్ లైన్లలో, గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి ఈ పని దానికి బాగా తగుతుంది. 1960 నాటి ఎస్వీ మెడికల్ కాలేజీ, స్విమ్స్, ఈఎస్ఐ ఆస్పత్రి ఉన్నాయి. 2015లో వచ్చిన ఐఐటీ ఏర్పేడు దగ్గరే ఉంది. బెంగళూరులో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వారి దక్షిణాది కేంద్రం, చెన్నైలో ప్రాంతీయ కార్మిక సంస్థ, రెండూ పగటి ప్రయాణపు దూరంలో ఉన్నాయి.

వీటిని కలిపి ఏడాదిన్నర పీజీ డిప్లొమా కూర్చడం పెద్ద ఖర్చు కాదు. పాఠాలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఆన్‌లైన్‌లో. పరికరాలు ఐఐటీలో ఒక ఉమ్మడి బ్యాంకుగా, విద్యార్థి పేరు మీద వారానికి అరువు. శిబిరాలు రెండు. ఒకటి మామిడి సీజన్‌లో, గుజ్జు ఫ్యాక్టరీలు నడుస్తుండగానే, ఎందుకంటే ఆ పనిని డిసెంబర్‌లో చూడలేం. రెండోది చలికాలంలో, గ్యాస్, ట్యాంకు రక్షణ కసరత్తులకు. ఈఎస్ఐ ఆస్పత్రిలో ఒక వారం, నడుము నొప్పితో వచ్చిన మనిషిని ‘మీరేం పని చేస్తారు’ అని అడగడం నేర్చుకోవడానికి. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జిని తోటి వైద్యులను అడగమన్న ప్రశ్న అదే. మూడు వందల ఏళ్ళు గడిచినా మన ఓపీ చీటీలో దానికి ఒక గడి లేదు. అన్నిటికంటే ముందు, సిలబస్ రాసే బల్ల దగ్గర ఫ్యాక్టరీల శాఖ అధికారి కూర్చోవాలి. అప్పుడే సేఫ్టీ ఆఫీసర్ అర్హతగా ఆ డిప్లొమా మొదటి రోజు నుంచే చెల్లుతుంది.

అలాంటి కోర్సు వచ్చేదాకా చేరాలనుకునేవాళ్ళు ప్రతి కోర్సునూ నాలుగు ప్రశ్నలు అడగాలి. యూజీసీ దూరవిద్య బ్యూరో జాబితాలో ఉందా? నా రాష్ట్రపు ఫ్యాక్టరీల శాఖ దీన్ని ఒప్పుకుంటుందా? పరికరాలు చేతికిచ్చే శిబిరం ఎన్ని రోజులు? నా పని చోటును కొలిచి రాయమనే ప్రాజెక్టు ఉందా, ఉంటే నా యజమానితో మాట్లాడేది ఎవరు? మొదటి రెండు ఉద్యోగం కోసం, చివరి రెండు చదువు కోసం. మొదటి రెండింటికి మాత్రమే అవునన్న కోర్సు కుర్చీ ఇస్తుంది, విద్య ఇవ్వదు. చివరి రెండింటికి మాత్రమే అవునంటే విద్య వస్తుంది, దానికి పైన ఒక గుర్తింపు ఉన్న డిప్లొమా చేర్చుకోవాలి.

నాలుగింటికీ అవునన్న కోర్సు ఈ రెండు జిల్లాల్లో ఇంకా లేదు. దూరవిద్య మీద అనుమానపడే పెద్దలు ఆ అనుమానాన్ని విద్యార్థి మీద చూపడం మాని, అలాంటి కోర్సు పెట్టమని ఇక్కడి విశ్వవిద్యాలయాలను నిలదీయాలి.